పడవ వెనక లేచిన ఫాయిల్ అల మీద ఎందుకు లేవలేదు: ఒక మిర్యాలగూడ కేసు

ఈ కేసులో మనిషికి మిర్యాలగూడలో సొంత రైస్ మిల్లు ఉంది. వయసు ముప్పై దాటింది, బరువు 78 కిలోలు. ఈత బాగా వచ్చు. రుషికొండకు పోయి వస్తూ మామూలు సర్ఫ్‌బోర్డు మీద అల పట్టి నిలబడేంత నేర్చుకున్నాడు. ఆ తర్వాత ఫాయిల్ మోజు పట్టింది. ఫాయిల్ అంటే బోర్డు కింద నీళ్ళలో ఉండి, వేగం అందుకోగానే బోర్డును నీటి పైకి ఎత్తే రెక్కల సామాను. సెకండ్ హ్యాండ్‌లో ఒక సెట్ కొన్నాడు. మన దగ్గర సముద్రం లేదు కాబట్టి నాగార్జునసాగర్ బ్యాక్‌వాటర్‌లో పడవకు తాడు కట్టించుకొని ప్రాక్టీసు మొదలుపెట్టాడు. అక్కడ దర్జాగా లేచి, తిరిగి, నిలబడుతున్నాడు. అదే సెట్ రుషికొండకు తీసుకుపోతే బోర్డు నీళ్ళను వదలడం లేదు.

"అన్నా, సాగర్ల లేస్తది, సముద్రంల లేస్తలేదు. ఉప్పు నీళ్ళ ప్రాబ్లమా?" అని నాకు ఫోన్ చేశాడు.

ఉప్పు నీళ్ళు నిజానికి అతని వైపే ఉన్నాయి. సముద్రపు నీరు మంచినీటి కన్నా దాదాపు 2.5 శాతం బరువు. రెక్క అంత మేర ఎక్కువగానే ఎత్తుతుంది, బోర్డు కూడా కిలో అటూ ఇటూగా ఎక్కువ తేలుతుంది. చేతికి తెలిసేంత తేడా కాదు, ఉన్నది మాత్రం లాభమే. కారణం వేరే చోట ఉంది. అది ఒకటి కూడా కాదు, ఒకదాని మీద ఒకటి పేరుకున్నవి.

కొత్తవాళ్ళ కోసం క్లుప్తంగా చెప్తాను. ఇతను సముద్రంలో చేయాలనుకుంటున్నది ప్రోన్ ఫాయిలింగ్, అంటే బోర్డు మీద బోర్లా పడుకొని, చేతులతో నీళ్ళు తోస్తూ అల పట్టి, లేచి నిలబడడం. బోర్డు కింద మాస్ట్ అనే నిలువు కమ్మీ ఉంటుంది. దాని అడుగున ఫ్యూజిలాజ్ అనే అడ్డ కడ్డీ, కడ్డీకి ముందు పెద్ద రెక్క, వెనక స్టెబిలైజర్ అనే చిన్న రెక్క ఉంటాయి. వేగం అందుకోగానే ముందు రెక్క మొత్తం బరువును ఎత్తుతుంది, బోర్డు గాల్లోకి లేస్తుంది. తెడ్డు లేదు, తెరచాప లేదు, మోటారు లేదు. అల ఇచ్చిన వేగమే వేగం. కేసు అంతా ఈ ఒక్క మాట చుట్టూనే తిరుగుతుంది.

సామాను

మిల్లు గోడౌన్‌లో సెట్ చూశాను. బోర్డు 4 అడుగుల 4 అంగుళాలు, 34 లీటర్లు. ముందు రెక్క వైశాల్యం 850 చదరపు సెంటీమీటర్లు, ఈ చివర నుంచి ఆ చివరకు 95 సెంటీమీటర్లు. పొడవును పొడవుతో గుణించి వైశాల్యంతో భాగిస్తే 10.6 వస్తుంది. దీన్నే ఆస్పెక్ట్ రేషియో అంటారు. 10 దాటిందంటే సన్నగా, పొడుగ్గా ఉండే, వేగం మీద బతికే రెక్క అని అర్థం. చెయ్యి తిరిగినవాళ్ళకు బంగారం. తక్కువ వేగంలో మాత్రం చెప్పాపెట్టకుండా పట్టు వదిలేస్తుంది. మాస్ట్ 85 సెంటీమీటర్ల అల్యూమినియం. స్టెబిలైజర్ కింద 1 డిగ్రీ షిమ్, అంటే ప్లాస్టిక్ చీలిక లాంటి చిన్న ముక్క ఉంది. ఎందుకు పెట్టావంటే ఏదో వీడియోలో చూశానన్నాడు.

వీడియోల గురించి ఒక మాట. అవి తీసేవాళ్ళు ఎక్కువగా మంచి అలలున్న తీరాల్లో, ఏళ్ళ అనుభవం ఉన్నవాళ్ళు. వాళ్ళ సెట్టింగులు వాళ్ళ నీళ్ళకు సరిపోతాయి. మన తూర్పు తీరంలో నడుము ఎత్తు అల మీద నేర్చుకునేవాడికి అవి పనికిరావడం అరుదు.

సెట్ విప్పుదామంటే ముందు రెక్క స్క్రూ ఒకటి కదల్లేదు. రుషికొండ నుంచి వచ్చాక కడగకుండా, విప్పకుండా గోడౌన్‌లో పెట్టేశాడు. జాయింటు అంచున తెల్లటి పొడి పొరలా పట్టింది, దాని మీద ఊక దుమ్ము. స్టీల్ స్క్రూ, అల్యూమినియం కడ్డీ, మధ్యలో ఉప్పు నీరు కలిస్తే అల్యూమినియం తినేసుకుపోతుంది. ఆ తుప్పే తెల్ల పొడిగా పేరుకొని స్క్రూను బిగదీస్తుంది. మిల్లు ఫిట్టర్ వెల్డింగ్ టార్చి పట్టుకొచ్చాడు గానీ వద్దన్నాను. రెక్క కార్బన్‌ది, దాన్ని పట్టి ఉంచే ఎపాక్సీ మంట తగిలితే మెత్తబడుతుంది. గోరువెచ్చని నీళ్ళు పోసి ఉప్పు కరిగించి, తుప్పు వదిలించే నూనె వేసి, రాత్రంతా వదిలేశాం. తెల్లారి, సరిగ్గా సరిపోయే బిట్టును సుత్తితో కొడితే తిరిగే స్క్రూడ్రైవర్‌కు తగిలించి రెండు దెబ్బలు వేస్తే కదిలింది. మొన అరిగిన బిట్టు పెట్టి బలం చేసుంటే స్క్రూ తల ఊడి, ఫ్యూజిలాజ్ మొత్తం మార్చాల్సి వచ్చేది. అన్ని స్క్రూలకూ సముద్రపు సామానుకు వాడే తుప్పు నిరోధక గ్రీజు రాయించి, సముద్రంలో దిగిన ప్రతిసారీ విప్పి మంచినీళ్ళతో కడగాలని మాట తీసుకున్నాను.

సాగర్‌లో చూసింది

అతను ప్రాక్టీసు చేసే చోటు నేరేడుగొమ్ము మండలంలోని వైజాగ్ కాలనీ దగ్గర. సాగర్ డ్యాం కట్టిన రోజుల్లో విశాఖ వైపు నుంచి చేపల వేటకు వచ్చి స్థిరపడ్డ కుటుంబాల ఊరు అది. ఆదివారం వస్తే చేపల వేపుడు కోసం హైదరాబాద్ కార్లు బారులు తీరతాయి. అనుమతులు చూసుకొని, జనం లేని పొద్దునపూట పడవ మాట్లాడుకున్నాం. పడవ నడిపే పెద్దాయనకు అక్కడి నీళ్ళు అరచేతి మీద గీతల్లా తెలుసు. "అటు పక్క వలుంది బాబూ, తేలాడేది డబ్బాలే కనబడతాయి, వల కనబడదు" అని ముందే చెప్పాడు. మాస్ట్‌కు వల చుట్టుకుంటే మనిషి ముందుకు ఎగిరి పడతాడు, పైగా ఒకరి కూలి పాడవుతుంది.

నీటిమట్టం కూడా చూసుకోవాలి. సాగర్ పూర్తి మట్టం 590 అడుగులు, దించగల కనీస మట్టం 510. ఎండాకాలంలో నిన్న లోతుగా మునిగి ఉన్న బండ ఇవాళ నీటికి జానెడు కింద ఉంటుంది. 85 సెంటీమీటర్ల మాస్ట్ ఉన్నవాడికి అదే ప్రమాదం. నిండుగా ఉన్నప్పుడు, పడవ దారి పొడవునా ముందే ఒకసారి తిరిగి లోతు చూశాకే తాడు వెయ్యాలి. హెల్మెట్, లైఫ్ జాకెట్ లేకుండా దిగనివ్వను.

పడవలో నేను ఫోన్ జీపీఎస్ పట్టుకొని కూర్చున్నాను. బోర్డు నీటిని వదిలిన ప్రతిసారీ వేగం చూశాను. గంటకు 19 కిలోమీటర్లు దాటాకే లేస్తున్నాడు. 17 దగ్గర ముక్కు ఊగుతోంది, లేవడం లేదు. పడవాయన థ్రాటిల్ తగ్గించగానే కూలబడుతున్నాడు.

ఇంకోటి గమనించాను. మాస్ట్ ప్లేటు ట్రాకులో పూర్తిగా వెనక్కి ఉంది. బోర్డు అడుగున 90 మిల్లీమీటర్ల ఎడంతో రెండు ట్రాకులుంటాయి, వాటిలో టీ-నట్లు జరుపుతూ మాస్ట్‌ను ముందుకూ వెనక్కూ పెట్టుకోవచ్చు. ముందుకు జరిపితే బోర్డు తొందరగా లేస్తుంది, ముందు కాలి మీద ఎక్కువ బరువు వేసి అదిమి పట్టాలి. వెనక్కి జరిపితే బద్ధకంగా లేస్తుంది. ఇతను వెనక్కి ఎందుకు పెట్టాడు? తాడు పట్టుకున్నవాడు తాడు లాగుడుకు ఎదురుగా వెనక్కి వాలతాడు. బరువంతా వెనక కాలి మీద పడుతుంది, బోర్డు ఎగిరెగిరి పడుతుంది. దాన్ని ఆపడానికి మాస్ట్‌ను వెనక్కి, ఇంకా వెనక్కి జరుపుకుంటూ పోయాడు. షిమ్ కూడా అందుకే పనికొచ్చింది. స్టెబిలైజర్ తోకను కిందికి అదిమి ముక్కును పైకి లేపుతుంది, షిమ్‌తో ఆ అదుముడు తగ్గించాడు. పడవ వెనక అంతా నున్నగా కుదిరింది.

కుదిరింది తాడుకు, అలకు కాదు. అల మీద తాడు ఉండదు. లేచి నిలబడ్డ మనిషి బరువు ముందుకే ఉంటుంది. అలాంటివాడికి మాస్ట్ వెనక్కి, తోక అదుముడు తక్కువ అంటే ముక్కు లేవనే లేవదు.

వేగం లెక్క

ఈ లెక్క అతనితో కాగితం మీద వేయించాను. మిల్లు నడిపేవాడికి లెక్క చూపిస్తే వాదన ఉండదు.

మనిషి 78, సామాను 8, మొత్తం 86 కిలోలు. అంటే రెక్క దాదాపు 840 న్యూటన్లు ఎత్తాలి. ఎత్తే బలం రెక్క వైశాల్యంతో నేరుగా, వేగంతో వర్గంగా పెరుగుతుంది. రెక్క లేచే కోణంలో ఎత్తుడు గుణకం, అంటే ఆ రెక్క ఎంత బాగా ఎత్తుతుందో చెప్పే అంకె, 0.8 అనుకుందాం, ఇది మోటు అంచనా. 850 రెక్కకు గంటకు 18 కిలోమీటర్లు కావాలి. జీపీఎస్ చూపింది 19, కాబట్టి అంచనా మరీ దారి తప్పలేదు. అదే 1500 చదరపు సెంటీమీటర్ల రెక్కకు 13.5 చాలు.

ఇప్పుడు అల వైపు చూద్దాం. తీరానికి దగ్గరగా, లోతు తక్కువైన చోట అల వేగం లోతు మీదే ఆధారపడుతుంది. గురుత్వ త్వరణాన్ని లోతుతో గుణించి వర్గమూలం తీస్తే వస్తుంది. ఒకటిన్నర మీటర్ల లోతులో గంటకు దాదాపు 14 కిలోమీటర్లు, రెండు మీటర్ల లోతులో 16. అల వాలు మీద జారినప్పుడు, ఏటవాలుగా పోయినప్పుడు కొంచెం కలిసొస్తుంది. అయినా నేర్చుకునేవాడికి చేతనైన చిన్న, మెత్తటి అల 18 ఇవ్వదు. 18 ఇచ్చే అల బాగా నిటారుగా ఉంటుంది, దాని మీద ఇతను ఇంకా నిలబడలేడు.

పడవకు మోటారుంది. ఎంత వేగం కావాలంటే అంత ఇచ్చింది. చిన్న రెక్క లోపాన్ని అన్నాళ్ళూ మోటారు కప్పిపుచ్చింది. సాగర్‌లో ఎంత ప్రాక్టీసు చేసినా బయటపడని లోపం అది. చెరువులో, రిజర్వాయర్‌లో బ్యాలెన్స్ నేర్చుకోవచ్చు, పడడం నేర్చుకోవచ్చు, మలుపులు నేర్చుకోవచ్చు. ఏ రెక్క కొనాలో మాత్రం అక్కడ తేలదు.

బోర్డుది విడిగా ఇంకో కథ. 78 కిలోల మనిషి 34 లీటర్ల బోర్డు మీద పడుకుంటే ఛాతీ దాకా మునుగుతాడు. మునిగిన బోర్డును చేతులతో తోసి అల వేగానికి దగ్గరగా తేవడం కష్టం. పుట్టిని తెడ్డు లేకుండా నడిపినట్టే. బరువు కిలోల్లో ఎంతో దానిలో దాదాపు 0.6 వంతు లీటర్లు నేర్చుకునే దశకు సరిపోతుంది. ఇతనికి 47 దగ్గర పడింది. చెయ్యి తిరిగాక 0.4 దగ్గరికి దిగొచ్చు, అప్పుడు ఇతని 34 లీటర్ల బోర్డు సరిగ్గా కుదురుతుంది. బోర్డు చెడ్డది కాదు, టైము తప్పింది.

ఏం మార్చాం

మొదట రెక్క. అదే కంపెనీది 1500, మధ్యరకం ఆస్పెక్ట్ రేషియో. చివర నుంచి చివరకు ఒక మీటరు, లెక్క వేస్తే 6.7. వేరే కంపెనీది చవకగా దొరికిందని లింక్ పంపాడు. ఒక కంపెనీ రెక్క ఇంకో కంపెనీ ఫ్యూజిలాజ్‌కు సాధారణంగా ఎక్కదు, దాని కోసం కడ్డీ, మాస్ట్ కూడా మార్చాలి. చవక అక్కడితో అయిపోతుంది.

1500కి బదులు 2000 ఎందుకు వద్దు అని అడిగాడు, మంచి ప్రశ్న. ఇంకా తక్కువ వేగంలో లేస్తుంది నిజమే. కానీ అల నిటారుగా మారి వేగం అందుకోగానే ఎత్తుడు ఆపలేనంత అవుతుంది. రెక్క నీళ్ళు చీల్చుకొని పైకొస్తే గాలి పట్టేసి, ఎత్తుడు ఒక్కసారిగా పోయి, మనిషి బోర్డుతో సహా దబ్బున పడతాడు. ఇలా పైకి ఎగిరి పడితే దెబ్బలు తగులుతాయి. 50 కిలోల అమ్మాయికి ఇదే ప్రశ్న వస్తే 1500 కూడా ఎక్కువే అనేవాణ్ణి.

బోర్డు 5 అడుగులది, 48 లీటర్లు, వాడినదే తీసుకున్నాం. పెచ్చులు ఊడాయి గానీ ట్రాకులు గట్టిగా ఉన్నాయి. సెకండ్ హ్యాండ్ బోర్డులో నేను చూసేది ట్రాకులే. పెయింటు ఎలా ఉన్నా ఫర్వాలేదు, ట్రాకు చుట్టూ వెంట్రుకవాసి పగులు ఉంటే మాత్రం వద్దు, నీళ్ళు లోపలికి పోతాయి.

మాస్ట్ దగ్గర ఇద్దరికీ కుదరలేదు. నేను 75 అన్నాను, అతను 85 అట్టేపెట్టుకుంటానన్నాడు. పొట్టి మాస్ట్‌తో పడితే ఎత్తు తక్కువ, లోతు తక్కువ నీళ్ళలో కూడా దిగొచ్చు. పొడుగు మాస్ట్‌తో ఎగుడుదిగుడు నీళ్ళలో రెక్క బయటపడే భయం తక్కువ. రుషికొండలో ఇసుక దిబ్బ దగ్గర ఒకసారి రెక్క నేలకు తగిలిందని అతనే చెప్పాడు కాబట్టి చివరకు 75కే వచ్చాం.

షిమ్ తీసేశాను. స్టెబిలైజర్ దాని మామూలు కోణంలోనే ఉంది. చాలామంది మొదటి రోజే షిమ్‌లు మారుస్తారు. మాస్ట్ జరపడంతో సరిదిద్దగలిగినంత కాలం షిమ్ ముట్టుకోవద్దు. రెండూ ఒకేసారి మారిస్తే ఏది పనిచేసిందో ఎప్పటికీ తెలియదు.

మాస్ట్‌ను ట్రాకు మధ్యలోకి తెచ్చి, ప్లేటు వెనక అంచు దగ్గర మాస్కింగ్ టేపు అంటించి, పెన్సిల్‌తో 5 మిల్లీమీటర్లకు ఒక గీత గీశాను. ఈ టేపు లేకపోతే బీచ్‌లో 'కొంచెం ముందుకు' అన్నమాటకు అర్థం ఉండదు. టీ-నట్లలో సాగర్ ఒండ్రు చేరి జరగడం లేదు, పళ్ళు తోముకునే పాత బ్రష్‌తో కడిగాం. నాలుగు బోల్టులు ఎదురెదురుగా, కొంచెం కొంచెంగా బిగించాలి. ఒకదాన్ని పూర్తిగా బిగించి తర్వాతదానికి పోతే ప్లేటు ఒక పక్కకు ఒరుగుతుంది. బిగించాక రెక్క చివర పట్టుకొని ఊపితే మాస్ట్ మొదట్లో 'టక్' అని వినబడకూడదు. వినబడిందంటే ఆ వదులు నీళ్ళలో పదింతలు తెలుస్తుంది.

రుషికొండ

జన్మభూమి ఎక్స్‌ప్రెస్ మిర్యాలగూడ మీదుగానే విశాఖ పోతుంది. ఫాయిల్ విప్పి పాత దుప్పట్లలో చుట్టి, రెక్క అంచులకు నురుగు పైపు తొడిగి సంచిలో పెట్టాం. సీటు కిందికి తోస్తుంటే పక్కాయన "ఫ్యాన్ రెక్కలా?" అన్నాడు. అవునన్నాం, సులువైపోయింది.

స్నానాలు చేసేవాళ్ళకు, సర్ఫింగ్ నేర్చుకునేవాళ్ళకు బాగా దూరంగా జరిగాం. ఈ ఆటలో ఇది మర్యాద కాదు, నియమం. నీటి కింద కత్తి లాంటి రెక్కతో జనం మధ్య పోకూడదు. లోతు తక్కువ ఉన్నచోట బోర్డును తిరగేసి, ఫాయిల్ పైకి ఉంచి నడిచి, నడుము దాటాకే సరిగా తిప్పుకున్నాడు.

అల మోకాలు, నడుము మధ్య. విరగబోయే నిటారు అల కాకుండా, అల భుజం, అంటే పక్కన ఇంకా విరగని మెత్తటి చోటు ఎంచుకోమన్నాను. మొదట్లో అలవాటు కొద్దీ లేవగానే వెనక్కి వాలాడు. తాడు నేర్పిన బుద్ధి. బోర్డు గుర్రంలా ముక్కెత్తి పడేసింది. ముందు పాదం మాస్ట్‌కు ముందుగా, వెనక పాదం సరిగ్గా మాస్ట్ మీద పడేలా, లేచాక మొదట బోర్డును నీళ్ళకు అదిమి ఉంచమని చెప్పాను. లేచింది ఆపుకోవడం ఇక్కడ లేపడం కన్నా ముఖ్యం.

పాదాలు కుదిరాక బోర్డు లేవడం మొదలైంది, ఈసారి ఎక్కువగా. అల ముఖం మీద నీరు పైకి కదులుతూ ఉంటుంది, అది రెక్కను అదనంగా ఎత్తుతుంది, సాగర్ నిలవ నీళ్ళలో అది లేదు. ఒడ్డుకు వచ్చి టేపు మీద రెండు గీతలు, అంటే 10 మిల్లీమీటర్లు వెనక్కి జరిపాం. ముందు కాలి తొడ మంట తగ్గిందన్నాడు, ముక్కు నిలకడగా నిలిచింది. 5 చాలేమో అని తర్వాత ముందుకు ఒక గీత జరిపి చూస్తే మళ్ళీ తొడ పట్టేసింది, తిరిగి అదే గీతకు వచ్చాం. ఊగకుండా, ముందు కాలి మీద కొంచెం ఎక్కువ బరువుతో నిలబడగలిగితే ఆ గీతే అతనిది. బరువు, పాదాల ఎడం మారితే గీత మారుతుంది, ఇంకొకరికి అప్పజెప్పే అంకె కాదు.

తర్వాత అలలు పట్టడం అతనికే తెలిసింది. ఇంకా మిగిలిన పని, అల చివరకు వచ్చినప్పుడు దిగడం. లోతు తక్కువ చోటికి ఫాయిల్ మీదే దూసుకుపోతున్నాడు, ఒడ్డుకు చాలా ముందే పక్కకు తిరిగి అల వదిలేసి, బోర్డును నీళ్ళ మీద కూర్చోబెట్టడం రావాలి. పడితే బోర్డు పట్టుకోకుండా దూరంగా దూకి, తల చేతులతో కప్పుకొని పైకి రమ్మని ప్రతిసారీ గుర్తుచేయాల్సి వస్తోంది.

ఇప్పుడు అతను సాగర్‌కు, రుషికొండకు వేర్వేరు గీతలు పెట్టుకున్నాడు. తాడు వెనకదానికి ఎర్ర టేపు, అలది నీలం. 850 రెక్క అమ్మేస్తానంటే వద్దన్నాను. పడవ వెనక దానితో మలుపులు నేర్చుకోవడానికి బాగుంటుంది, ఇంకో రెండు సీజన్లయ్యాక అల మీదా అక్కరకు వస్తుంది. మధ్యలో 1200 ఒకటి కొనాలని అప్పుడే చూస్తున్నాడు. కొనమనే చెప్పాను, కానీ అల వదిలేసి అదుపులో దిగడం వచ్చాక. ఫ్యూజిలాజ్ పొడుగుది అలాగే ఉంచమన్నాను, పొట్టిది పెడితే చురుగ్గా తిరుగుతుంది గానీ ముక్కు మళ్ళీ ఊగడం మొదలవుతుంది, అది అతనికి ఇప్పుడు అక్కర్లేదు.